ఇసుక నింపిన గంప

దీపావళికి ముందురోజు పొద్దున్న లేచి బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా సముద్రం లేదు. కింద కొబ్బరిచెట్లు లేవు, రోడ్డు లేదు, ఎదుటి అపార్టుమెంటు కూడా లేదు. అంతా తెల్లగా మంచు. మా విశాఖపట్నంలో మంచు కురవడమంటే పుష్యమాసపు ముచ్చట. పండగ మతాబులు ఇంకా ఎండలో ఆరుతుండగానే ఇలా వచ్చి మీద పడటం నా ఎరుకలో ఇది రెండోసారి.

మనవరాలు ఫోన్ పట్టుకుని "అమ్మమ్మా, కశ్మీర్ లాగుంది కదూ" అంటూ అటూ ఇటూ ఎగిరి ఫొటోలు తీసుకుంది. నేనేమో సముద్రం ఉండాల్సిన వైపే చూస్తూ, "ఈ వేళప్పుడు మంచేమిటే, ఎవరైనా వేటకి వెళ్లారేమో" అన్నాను. లోపల్నుంచి మా అమ్మాయి వచ్చి, "అమ్మా, మెల్లగా. పక్క ఫ్లాటుకి వినబడుతుంది" అంది. ఈ మాట నేను పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్నాను. అప్పట్లో అత్తగారు అనేది, తర్వాత మా ఆయన అనేవాడు, ఇప్పుడు కూతురి వంతు.

అప్పుడే కింద మంచులోంచి వినిపించింది. "చేపలు... తాజా చేపలు... చేపలు..." మోపెడ్‌కి కట్టిన చిన్న స్పీకరు. ఎవరిదో రికార్డు చేసిన గొంతు. ఊళ్లో ఏ సందులోకి వెళ్లినా అదే గొంతు, అదే మాట, ఊపిరి కూడా తీసుకోదు. మంచులో ఆ కేక ఏ వైపునుంచి వస్తోందో నాకు అంతు చిక్కలేదు. రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను.

మా మామ్మ కేక అలా ఉండేది కాదు.

మా నాన్నని కన్నతల్లి ఆవిడ. పోర్టుకి ఉత్తరాన, ఇసుకలో వరుసగా వేసుకున్న తాటాకిళ్లు మా పేట. మా తాత తెప్ప మీద వేటకెళ్లేవాడు. నాన్న మాత్రం పోర్టులో కలాసీ పనికి కుదిరాడు. తాత తెచ్చిన చేపల్ని మామ్మ గంపకెత్తుకుని వన్ టౌన్ సందుల్లో అమ్మేది. సెలవురోజున నేనూ వెంటపడేదాన్ని. సందు మొదట్లో ఆగి, నెత్తిమీద గంప కింది చుట్టకుదురు సర్దుకుని, ఓసారి గొంతు సవరించుకుని ఎత్తుకునేది. "సేపలోయ్... వంజరాలూ, కానాగంతలూ..." అంటూ 'కానా' దగ్గర పైకి లేపి, చివర్లో ఒక్కసారిగా కిందకి వదిలేసేది. సందు ఆ చివరింట్లో ఆడవాళ్లు అది విని కత్తిపీట వాల్చుకునేవారు. ఉప్పు గోదాముల వాసన, వక్కలూ మిరపకాయలూ కలిసిన వాసన, మామ్మ జాకెట్టుకి పట్టిన చేప నీసు, వీటన్నిటి మధ్యా ఆ కేక. నాకు అంతకన్నా గొప్ప ఉద్యోగం కనిపించేది కాదు. ఒకసారి బళ్లో మేష్టారు రాకముందు బల్లెక్కి అచ్చం అలాగే కేకేశాను. ఆయన వరండాలో ఉన్నారని తెలియక. బెత్తం విరిగింది గానీ పిల్లలు మాత్రం 'సేపలోయ్' అని పేరు పెట్టి పిలిచారు నన్ను, బడి వదిలేదాకా.

మామ్మకి ఇంట్లో కూడా అదే గొంతు. ఉప్పందుకోమన్నా, పిల్లిని తోలమన్నా పేటంతా తెలిసేది. మాకది మామూలే. మామూలు కానిది మా చిన్నత్తకి.

చిన్నత్త అంటే తాతకి కడగొట్టు కూతురు. ఆ మొదటిసారి మంచు పడ్డ ఏడాది, వేసవిలోనే పెళ్లయింది. మామయ్యది భీమిలి. వాళ్ల తాతలు వేటగాళ్లేగానీ వాళ్ల నాన్న ఏనాడో సముద్రం వదిలేశాడు. మామయ్య షిప్‌యార్డులో వెల్డింగు పని చేసేవాడు. క్వార్టర్సులో కాపురం, ట్రాన్సిస్టరు, బెల్‌బాటం ప్యాంట్లు. కొత్తల్లుడికి మొదటి దీపావళి. అత్తవారింటికి రావాలి, బట్టలు పెట్టాలి, కడుపునిండా భోజనం పెట్టాలి. అత్త నాలుగు రోజులు ముందే వచ్చి ఇల్లంతా అలికి, ముగ్గులు పెట్టి, సాయంత్రం పొయ్యి దగ్గర కూచుని మామ్మతో మెల్లగా అంది.

"అమ్మా, ఆయనొచ్చినప్పుడు నువ్వు కూసింత మెల్లగా మాటాడే. ఆళ్లింట్లో ఎవలూ ఇలాగ అరవరు."

మామ్మ ఏమనేదో గానీ, అరుగు మీద వల బాగుచేసుకుంటున్న తాత అందుకున్నాడు. "నిజమే కదేటి! నీది సంత గొంతు. వచ్చీవోడు అల్లుడే, గిరాకీ కాదు."

అందరం నవ్వాం. తాత పళ్లు లేని నవ్వు చూసి ఇంకా నవ్వాం. మామ్మ గరిటె కింద పెట్టేసింది. ఆ క్షణంనుంచి ఇంట్లో నోరు తెరవలేదు.

మొదట్లో మాకు సరదాగా ఉండేది. చేత్తో సైగలు చేసేది, తల ఊపేది, మరీ అవసరమైతే మా అమ్మ చెవిలో గొణిగేది. రెండో రోజుకి సరదా పోయింది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఎరగం. సముద్రం హోరు ఏకంగా వంటింట్లోనే ఉన్నట్టు వినబడేది. తాత అటూ ఇటూ తిరుగుతూ, "ఏటే, మాటాడవేటే? సరదాకన్నాను" అని ఒకటికి రెండుసార్లు కదిపి చూశాడు. బతిమాలడం ఆయనకి చేతకాదు, కరగడం ఆవిడకి చేతకాదు. వన్ టౌన్ సందుల్లో మాత్రం ఆ రోజుల్లో ఎన్నడూ లేనంత గట్టిగా అరిచిందని తర్వాత తెలిసింది.

పండగ సందడి మాత్రం దాని పాటికది నడిచింది. మేం పిల్లలం సూరేకారం, గంధకం, కొబ్బరిచిప్పల బొగ్గు నూరి సిసింద్రీలు కూరుకున్నాం. చేతులు నల్లగా, మూతులు నల్లగా. గంధకం వాసన అన్నంలో కూడా వచ్చేది. అమ్మ కాస్త అటు తిరగ్గానే చిమ్మిలి ఉండలు గుట్టుగా జేబుల్లోకి చేరేవి. పండగ సాయంత్రం వెలిగించి నేలకి మోదే దివిటీలకని ఆముదం కొమ్మలు కోసుకొచ్చి, పాత చీర పేలికలు చుట్టి, గోడవారన నిలబెట్టాం.

పండగ ముందురోజు సాయంత్రం మామయ్య దిగాడు. చేతిలో మిఠాయి పొట్లం, కళ్లకి నల్లద్దాలు. అన్నాలయ్యాక అరుగు మీద తాత ఆయన్ని మేలమాడటం మొదలెట్టాడు.

"అల్లుడా, నీకు ఇనప్పడవలు అతకడం తెలుసుగానీ తెప్పెక్కడం తెలుసేటి?"

"తెలీకేటి మావా. మా తాత తెప్ప మీదే పుట్టాడంట."

"మీ తాత సంగతి కాదు. నీకు కళ్లు తిరగవా?"

మామయ్యకి పౌరుషం వచ్చింది. "రేపు తెల్లారగట్ల ఎల్దాం పద. ఎవలికి తిరుగుతాయో సూద్దాం."

మా పేటలో అమావాస్యనాడు ఎవరూ వేటకి వెళ్లరు. దీపావళి అమావాస్యకి అసలే వెళ్లరు. గంగమ్మకి సెలవు అది. తాతకి తెలియనిది కాదు. కానీ కొత్తల్లుడి విస్తట్లో వంజరం పులుసు లేకుండా పప్పుచారూ ఎండు నెత్తళ్లూ వడ్డించడం ఆయనకి తల తీసేసినట్టుంది. ఆ వారమంతా వేట బాగోలేదు. "దగ్గర్లోనే వల దించి, పొద్దెక్కకుండా వచ్చేత్తాం" అన్నాడు.

చీకటుండగానే లేచారు. మామయ్య బెల్‌బాటం మోకాళ్ల దాకా మడిచాడు. ఆ మడత నిలవక మాటిమాటికీ జారిపోతుంటే నేను దుప్పట్లోంచి చూసి నవ్వుకున్నాను. మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తాత తెడ్డు భుజాన వేసుకుని ఆవిడ ముందు కాసేపు ఆగాడు, ఏదో అంటుందని. మామ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. పక్కకి జరిగి దారిచ్చింది.

తెల్లవారే సరికి వాకిట్లో ఆముదం కొమ్మలు కనబడలేదు. అమ్మ నీళ్లచెంబుతో బయటికెళ్లి, వెంటనే వెనక్కొచ్చి, "ఇదేటి, మంచు?" అంది. ఎండబెట్టిన మతాబులన్నీ తడిసి మెత్తబడిపోయాయి. మేం వాటికోసం ఏడుపు మొహాలు పెట్టాం. పెద్దవాళ్ల మొహాలు చూశాక ఆ ఏడుపు మానేశాం.

మంచులో తెప్పకి దారి ఉండదు. మా వాళ్లు కొండని చూసి గురుతు పెట్టుకుని ఒడ్డుకొస్తారు. డాల్ఫిన్ నోస్ కొండ ఇంత కనిపిస్తే ఇక్కడున్నాం, దాని వెనక మరో కొండ తొంగిచూస్తే అక్కడున్నాం అని లెక్క. కొండే లేకపోతే ఉన్నది నీళ్లే. పైగా ఒకవైపు పోర్టు కాలవ నోరు. బయట ఖనిజం కోసం లంగరేసుకున్న పెద్ద ఓడలు మంచులో భోరుమని కూతలు పెడుతున్నాయి. వాటి కింద తెప్ప పడితే ఓడలోవాళ్లకి తెలియను కూడా తెలియదు. కాలవ దాటగానే కొండ కింద రాళ్లు. కెరటం ఎత్తి రాళ్ల మీద వేస్తే దుంగలు దుంగలుగా విడిపోతుంది తెప్ప. ఇదంతా మాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే.

పేటంతా ఒడ్డున చేరింది. పండగపూట కావడంతో మగవాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు. నాన్న ఒక్కడే పోర్టులో డ్యూటీకి వెళ్లాడు. ఎదురుగా పది అడుగులు దాటితే నీళ్లు కూడా కనబడవు. కెరటం వచ్చి కాళ్లు తడిపాకే వచ్చిందని తెలిసేది. ఇద్దరు కుర్రాళ్లు తెప్ప దించబోతే పేటపెద్ద అడ్డుకున్నాడు.

"ఆళ్లని ఎతకడానికి మీరెల్తే, మిమ్మల్ని ఎతకడానికి ఎవలెల్లాలి? ఉండండొరే."

"మరేటి సెయ్యమంటావు బాబూ?"

"సప్పుడు సెయ్యండి. పండగ మందుంది కదా, కాల్సండి."

అందరికీ అది బాగానే తోచింది. ఇళ్లల్లో డబ్బాల్లో దాచిన బాంబులు పొడిగానే ఉన్నాయి. పరుగున వెళ్లి తెచ్చారు. మేం సాయంత్రానికని దాచుకున్నవన్నీ ఇచ్చేశాం. ఢాం ఢామ్మని ఒకదాని వెనక ఒకటి కాలుస్తున్నారు. మంచులో పొగ కూడా పైకి లేవక అక్కడే తిరుగుతోంది. గంధకం వాసన గొంతులో పడి దగ్గు. పేల్చిన ప్రతిసారీ అందరూ ఆగి చెవులు రిక్కించేవారు. జవాబుగా ఇంకో ఢాం వినిపించేది, దూరంగా. మా పేట అవతలి పేటల్లో కూడా పండగే కదా, అక్కడి పిల్లలు కాలుస్తున్నారు.

చిన్నత్త తడి ఇసుకలో కూలబడి ఉంది. కొత్త చీర ఇంకా మడతల్లోంచి విప్పినట్టే ఉంది ఒంటిమీద. పసుపుతాడు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఆమె పక్కన నిలబడటానికి నాకు భయమేసింది. దూరంగా వెళ్లడానికీ భయమేసింది.

మామ్మ ఇంకా మాట్లాడలేదు. నీళ్ల అంచున నిలబడి తల ఒక పక్కకి వంచి వింటోంది. ఢాం. కాసేపటికి, ఢాం. మళ్లీ ఇక్కడ ఢాం, మళ్లీ అటునుంచి. ఆవిడ మొహం చూస్తుండగానే మారిపోయింది. ఒక్కసారి వెనక్కి తిరిగి, అన్ని రోజుల తర్వాత నోరు తెరిచింది.

"ఆపండొరే! ఆ మందు ఆపీండి!"

అందరం ఉలిక్కిపడ్డాం. అగ్గిపుల్ల పట్టుకున్నవాడు అలాగే ఆగిపోయాడు.

"ఆ రెండోది అవతల పేటది కాదు. కొండ. మనం పేల్సిందాన్ని కొండ తిప్పి పేలుత్తంది. ఆళ్లకి ఏది మనదో ఏది కొండదో ఎలాగ తెలుస్తాది? రాళ్ల మీదకి పిలుత్తన్నాం మనం!"

నిజమే. మేం కాపాడటానికని కాల్చిన ప్రతి బాంబూ తాతనీ మామయ్యనీ రాళ్లవైపు లాగి ఉండొచ్చు. చిన్నత్త లేచి మామ్మ దగ్గరికి వచ్చింది. "మరెలాగే అమ్మా?"

"కేకెయ్యాల. మనిసి గొంతయితే ఆడు పోల్సుకుంటాడు."

పేటపెద్ద గబగబా ముందుకొచ్చాడు. "ఏటంటన్నావు నువ్వు? అమావాస్య పూట ఆడది సముద్రం మీదకి గొంతెత్తుతాదా?"

ఆయన కోపానికి అర్థం ఉంది. మా పేటలో ఆడవాళ్లు సముద్రంవైపు తిరిగి గొంతెత్తేది ఒకే ఒక్కందుకు. మనిషి ఇక రాడని తెలిశాక, ఒడ్డున కూచుని శోకం పెట్టడానికి. బతికున్నవాడి కోసం అలా అరిస్తే వాణ్ణి సముద్రానికి రాసిచ్చినట్టే. పేరు పెట్టి పిలవడం మరీ తప్పు, సముద్రం పేరు నేర్చుకుంటుందని. అసలు మామ్మ జన్మలో తాత పేరు పలికి ఎరగదు. చిన్నత్త మామ్మ చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. శోకం పెట్టకమ్మా. ఆయన బతికే ఉన్నారమ్మా."

మామ్మ కూతురి చెయ్యి మెల్లగా విడిపించుకుంది. నావైపు చూసింది.

"నా గంప తేవే. సుట్టకుదురు కూడా."

పరుగెత్తాను. మంచులో మా ఇల్లు నాకే దొరకలేదు. పక్కింటి పాక తడిమి, ఆముదం కొమ్మలు తన్నుకుని, ఎలాగో గంప తెచ్చి ఇచ్చాను. మామ్మ గంప నెత్తిన పెట్టుకుంది. నోరు తెరిచింది. ఏదో కీచుమంది గానీ కేక రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. రాలేదు.

"బరువు లేదు," అంది. "ఒట్టి గంపకి గొంతు లేవదు. ఇసకెయ్యండి."

ఎవరికీ అర్థం కాలేదు. చిన్నత్తకి అర్థమైంది. ఒంగి రెండు చేతులతో తడి ఇసుక ఎత్తి గంపలో పోసింది. నేనూ పోశాను. మా అమ్మ పోసింది. రోజూ ఎత్తుకునేంత బరువయ్యేదాకా పోశాం. ఇద్దరు పట్టి నెత్తిన పెట్టారు. మామ్మ మెడ నిటారుగా అయింది. నడుం మీద ఒక చెయ్యి, గంప అంచున ఒక చెయ్యి. వన్ టౌన్ సందు మొదట్లో నిలబడ్డ మనిషి మళ్లీ కనిపించింది.

"సేపలోయ్... వంజరాలూ, కానాగంతలూ..."

పేటపెద్ద వెనక్కి తగ్గాడు. అది శోకం కాదు, పిలుపూ కాదు. బేరం. సముద్రానికి చేపలమ్ముతున్న ఆడదాన్ని ఎవరు తప్పుపడతారు!

కెరటం లాగినప్పుడల్లా, ఆ హోరు తగ్గిన సందులో, మామ్మ కేక. వినడం. మళ్లీ కేక. చంటిపిల్లల తల్లులు పిల్లల నోళ్లు మూశారు. కుక్కని కూడా ఎవరో తీసుకుపోయారు. ఓడ కూత వచ్చినప్పుడు ఆగి, అది అయ్యాక మొదలెట్టేది. ఎంతసేపలా గడిచిందో నాకు తెలియదు. చిన్నపిల్లని, పండగ బూరెల వాసన ఇంకా నా చేతులకుంది, దాన్ని వాసన చూసుకుంటూ నిలబడ్డాను. వాళ్లు రాకపోతే ఈ వాసన ఇక జన్మలో బాగుండదని ఎందుకో గట్టిగా అనిపించింది.

మామ్మ గొంతు బొంగురుపోయింది. 'కానా' దగ్గర పైకి లేచేది లేవడం మానేసింది. ఒకసారి మధ్యలోనే తెగిపోయింది. దగ్గు ముంచుకొచ్చింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, గంప మీది చేతులు దించలేదు కాబట్టి తుడుచుకోలేదు. "నాను ఒక్క మాట అంటే ఆగిపోయీవోడు," అంది ఎవరితోనో కాదు, ముందున్న తెలుపుతో. "ఎల్లొద్దు అంటే ఆగిపోయీవోడు."

అప్పుడు చిన్నత్త వెళ్లి తల్లి నెత్తిమీద గంప తన నెత్తికి మార్చుకుంది. బుగ్గల మీద ఇసుక రాలింది, కొత్త చీర మీద రాలింది. ఆ బరువుకి ఒకసారి తూలి, నిలదొక్కుకుంది.

"సేపలోయ్..."

మొదటిది సిగ్గుగా వచ్చింది. రెండోది కాదు. అచ్చం మామ్మదే. అదే ఎత్తు, అదే విరుపు, చివర్లో అదే వదిలెయ్యడం. క్వార్టర్సులో గొంతు దాచుకుని బతుకుతున్న మనిషిలో అది ఎక్కడ దాగి ఉందో! మామ్మ నీళ్లు తాగి, తనూ కలిసింది. ఇద్దరి గొంతులూ ఒకటై వెళ్లాయి.

ఓడ కూత అయిపోయాక, కెరటం లాగాక, ఎక్కడో చాలా లోపల్నుంచి వచ్చింది.

"వోయ్!"

పేటంతా ఒక్కసారి గొల్లుమనబోయింది. మామ్మ చెయ్యెత్తి అందర్నీ ఆపింది. మళ్లీ అటునుంచి.

"ఆపకే! ఆపకు! కేకేత్తునే ఉండు, గొంతట్టుకుని వత్తన్నాను!"

తాత. మామ్మ ఇంకో అడుగు నీళ్లలోకి వేసింది. కేక ఆపలేదు. వంజరాలూ కానాగంతలూ చెప్పి, ఆ ఇసుక గంపలో ఉన్నట్టుగా చందువలూ పారలూ కూడా చెప్పింది. కుర్రాళ్లు నడుముకి తాళ్లు కట్టుకుని నీళ్లలోకి నడిచారు. మంచులోంచి ముందు తెడ్డు కనిపించింది, తర్వాత తాత, తర్వాత తెప్ప మీద బోర్లా పడుకుని రెండు చేతులా దుంగని కౌగిలించుకున్న మామయ్య. బెల్‌బాటం విప్పి మెడకి చుట్టుకున్నాడు. కళ్లు తిరిగి తిరిగి మనిషి తెల్లగా పాలిపోయాడు. వల లేదు. చేప ఒక్కటి లేదు.

తాత ఇసుక మీద కాలుపెట్టి, తూలుకుంటూ మామ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. చిన్నత్త నెత్తిమీది గంపలోకి తొంగి చూశాడు. ఇసుక.

"సేపలెలాగిత్తన్నావే?" అన్నాడు.

మామ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఎల్లెల్లు. నీకమ్మను. నీది గిరాకీ మొకం కాదు," అంది. అంటూనే తాత భుజమ్మీద తల ఆనించి భోరుమంది. పేటంతా చూస్తుండగా. తాత ఆవిడ వీపు మీద చెయ్యి వేశాడు. అలా చెయ్యి వెయ్యడం మేమెవరం అంతకు ముందు చూడలేదు.

తర్వాత చెప్పాడు తాత. మంచులో తెడ్డు వేస్తూ బాంబుల చప్పుడునే నమ్ముకున్నాడట. ఒక వైపు తిరిగితే ఇంకో వైపు పేలేదట. చివరికి ఒకటి దగ్గరగా, గట్టిగా వినిపిస్తే అటే వేశాడట. "తెల్లగా నురగ కనబడింది. రాళ్ల నురగ. అప్పుడే మందాగిపోనాది. కాసేపటికి నీ గొంతు. ఎనకనుంచి." మామయ్య మాత్రం ఇంకోటి చెప్పాడు. ఆ గొంతు వినగానే తాత తెడ్డు వదిలేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. తాత దాన్ని చచ్చేదాకా ఒప్పుకోలేదు.

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. కొత్తల్లుడి మొదటి పండగ భోజనం పప్పుచారూ, వేయించిన ఎండు నెత్తళ్లూ. మామయ్య మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. వడ్డిస్తూ మామ్మ అలవాటుగా పేటంతా వినబడేలా "ఇంకాసినేసుకో నాయనా!" అంది. అని, గతుక్కుమని అత్తవైపు చూసింది.

మామయ్య విస్తట్లోంచి తలెత్తి, "అత్తా, మెల్లగా మాటాడకు. నువ్వు మెల్లగా మాటాడితే నాకు భయమేత్తంది," అన్నాడు.

సాయంత్రం ఆముదం కొమ్మలకి నూనె పేలికలు అంటించి దివిటీలు కొట్టాం. కాల్చడానికి బాంబులు లేవు, ఎవరూ అడగలేదు కూడా. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి చిమ్మిలి తిన్నాం. బూరెలు తీయగానే ఉన్నాయి.

ఆ పేట ఇప్పుడు లేదు. తాటాకిళ్లు పోయాయి, ఆ ఇసుకలో కాంక్రీటు పోశారు. తెప్పల బదులు మోటారు పడవలు, కొండ గురుతుల బదులు చేతిలో పట్టే మిషన్లు వచ్చాయి. మంచివే అవి, మనుషులు ఇళ్లకి వస్తున్నారు. తాత పోయిన ఏడాదికే మామ్మ పోయింది. ఆ ఏడాదంతా మామ్మ మెల్లగానే మాట్లాడింది. ఎవరూ అడగకుండానే. అదొక్కటే నాకు ఇప్పటికీ తలుచుకుంటే తట్టుకోలేనట్టుంటుంది. ఆ గొంతు చిన్నత్తకొచ్చింది, నాకూ వచ్చింది. చిన్నత్తని మామయ్య ఏనాడూ మెల్లగా మాట్లాడమనలేదు. నా అదృష్టం అలా లేకపోయింది. అత్తవారింట్లో అడుగుపెట్టిన రోజే దాన్ని మడిచి పెట్టెలో పెట్టాను. అప్పుడప్పుడూ బయటపడితే కసురుకునేవారు.

కింద స్పీకరు ఇంకా అరుస్తోంది. "చేపలు... తాజా చేపలు..." దగ్గరవుతోందో దూరమవుతోందో తెలియడం లేదు. మంచులో ఆ మోపెడ్ మీది మనిషి ఎవరో గానీ, ఆడమనిషో మగమనిషో కూడా తెలియదు. ఆ గొంతు వాళ్లది కాదు కదా.

నేను ఊపిరి తీసుకున్నాను.

"సేపలోయ్! ఇటు రాండోయ్!"

మనవరాలు ఫోన్ జారవిడిచింది. మా అమ్మాయి వంటింట్లోంచి "అమ్మా!" అంటూ పరుగెత్తుకొచ్చింది. పక్క ఫ్లాటు తలుపు తీసిన చప్పుడైంది. కింద స్పీకరు టక్కున ఆగిపోయింది. మంచులోంచి ఒక ఆడగొంతు, అసలైన గొంతు, ఇటు తిరిగింది.

"ఏ పక్కమ్మా? ఏటీ కనబడతల్లేదు!"

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను మళ్లీ కేకేశాను, చివర్లో కిందకి వదిలేస్తూ.

"అలాగే కేకెయ్యమ్మా," అంది కిందనుంచి. "ఆపకు. గొంతట్టుకుని వత్తన్నాను."

ఆపలేదు.